మనియార్డరూ వుత్తరమూ: యుద్ధకాలపు సిపాయి కాపురం

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల చరిత్ర వ్రాసేవారికి ఒక అలవాటు వుంది. 1757 నాటి బొబ్బిలి యుద్ధంతో మొదలుపెడతారు. పూసపాటివారి వైభవాన్ని ఒక చుట్టు చుట్టివస్తారు. 1940లో మందస జమీందారీ రైతుపోరాటంలో సాసుమాన గున్నమ్మ పోలీసు తుపాకికి బలి అయిన ఘట్టం దగ్గర కాసేపు ఆగి, అక్కడినుంచి నేరుగా స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్ళిపోతారు. వీటిలో ఏదీ అబద్ధం కాదు. కాని గున్నమ్మ నేలకొరిగిన ఆ సంవత్సరాల్లోనే ఆమె చుట్టుపక్కల వూళ్ళనుంచి ఖాకీ తొడుక్కుని ఈజిప్టుకూ ఇరాక్‌కూ ఇటలీకీ బర్మా అడవులకూ వెళ్ళినవారి సంగతి ఈ పుస్తకాల్లో కనిపించదు. వాళ్ళు వదలి వెళ్ళిన ఆడవాళ్ళ సంగతి అసలే కనిపించదు. వూళ్ళో మాత్రం వాళ్ళ జ్ఞాపకం ఒక బిరుదుగా మిగిలింది. ఎవరినైనా “మిలట్రీ తాత” అంటే అతను యే పటాలంలో పనిచేశాడో అడిగేవాడు లేడు. తాత మిలట్రీలో వున్న అయిదారేళ్ళూ ఇంట్లో అవ్వ యేమి తిన్నదో అడిగేవాడు అంతకంటే లేడు.

ఈ రెండో ప్రశ్న మొదటి దానికంటె చిన్నదని నేను అనుకోను.

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. భర్త ఇల్లు వదలి దూరదేశం పోవడం ఈ ప్రాంతపు ఆడవాళ్ళకు యుద్ధంతో వచ్చిన కొత్త కష్టం కాదు. కళింగపట్నం, బారువ, భీమునిపట్నం, విశాఖపట్నం రేవులలో ఓడెక్కి రంగూన్ వెళ్ళే కూలీల ప్రవాహం పందొమ్మిదో శతాబ్దం నుంచీ వుంది. రంగూన్ అని యెవరూ అనేవారు కాదు, “రంగం వెళ్ళాడు” అనేవారు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకు వెళ్ళినవారున్నారు, అస్సాం తేయాకు తోటలకు వెళ్ళినవారున్నారు. రంగంలో తెలుగు కూలీలు చాలావరకు ఒంటరి మగవాళ్ళు. బారకాసుల్లో పడుకుని, రేవులో మూటలు మోసి, నాలుగు రూకలు కూడగానే ఇంటికి పంపేవారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య కొట్లాట రేగితే ఆ మంటల సెగ ఇక్కడి గుడిసెల్లో తగిలింది. అంటే భర్త లేని కాపురానికి పద్ధతులు అప్పటికే యేర్పడి వున్నాయి: పోస్టుమాను కోసం యెదురుచూడడం, షావుకారు దగ్గర ఖాతా, అత్తగారి కనుసన్న, పండక్కి ముందు బెంగ.

ఇక సైన్యం. విజయనగరంలో కంటోన్మెంటు అనే పేట ఇంకా వుంది. కుంఫిణీ వారి మద్రాసు సైన్యంలో సర్కారు జిల్లాల తెలుగువారు బాగా వుండేవారు. కన్యాశుల్కంలో బైరాగి చుట్టూ చేరిన మందులో హవల్దారు ఒకడు వుండడం గురజాడ వూహించి తెచ్చిన వింత కాదు, ఆయన వీధిలో కనిపించిన మనిషి. ఆ పాత మద్రాసు సిపాయి భార్యాబిడ్డలను వెంటబెట్టుకుని లైనుల్లో కాపురం వుండేవాడు. అతనికి అసలైన యెడబాటు సముద్రం దాటమన్నప్పుడు వచ్చేది. 1780లో హైదరాలీ మీదికి పంపడానికి విశాఖపట్నంలో ఓడెక్కమంటే సర్కారు సిపాయీలు తిరగబడి అధికారులమీద తుపాకులు పేల్చారు. ఆ తిరుగుబాటు సైనిక చరిత్రల్లో క్రమశిక్షణ తప్పిన వుదంతంగా వుంటుంది. ఇల్లు విడవనన్న మనుషుల వుదంతంగా యెవరూ వ్రాయలేదు.

పందొమ్మిదో శతాబ్దం చివర “యుద్ధజాతులు” అనే సిద్ధాంతం వచ్చింది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనాధిపతిగా వుండి, తరవాత భారత సేనాధిపతి అయిన రాబర్ట్సు దొర, దక్షిణాదివాళ్ళకు యుద్ధపటిమ లేదని తీర్మానించాడు. తెలుగు పటాలాలు ఒక్కొక్కటే పోయాయి. రెండు ప్రపంచయుద్ధాల మధ్య మద్రాసు రెజిమెంటు రెగ్యులర్ పటాలాలను కూడా రద్దుచేశారు; మద్రాసు సాపర్లు మాత్రం మిగిలారు. మళ్ళీ 1939లో యుద్ధం వచ్చి, ఫ్రాన్సు పడిపోయి, జపాను ముందుకు వచ్చేసరికి ఈ సిద్ధాంతం యెక్కడ దాక్కుందో తెలియదు. రెండు లక్షల భారతసైన్యం 1945 నాటికి 25 లక్షలయింది. పంజాబు ఒక్కటే అంతమందిని ఇవ్వలేదు గనుక మద్రాసు రాష్ట్రం ముందువరసకు వచ్చింది. తుపాకి పట్టడానికి తగడన్న మనిషి రోడ్డు వేయడానికీ, లారీ నడపడానికీ, మందుపాతర వెదికి తీయడానికీ, వంతెన కట్టడానికీ తగినవాడయ్యాడు. సాపర్లు, పయొనీరు దళాలు, సరఫరా రవాణా దళం, ఆస్పత్రి కూలీలు, నౌకాదళం: మనవాళ్ళకు యెక్కువగా తెరిచిన తలుపులు ఇవి. 1939 డిసెంబరులో విశాఖపట్నంలో నెలకొల్పిన నౌకాస్థావరానికి “సర్కార్స్” అనే పేరే పెట్టారు.

దీన్ని స్వచ్ఛంద సైన్యం అంటారు. ప్రపంచంలో కెల్లా పెద్ద స్వచ్ఛంద సైన్యమని గొప్పగా కూడా చెబుతారు. యుద్ధారంభంలో సిపాయి జీతం నెలకు 16 రూపాయలు, తరవాత 18. తిండి, బట్ట, బూట్లు సర్కారువి. గరువులో చోళ్ళు పండితే అంబలి, పండకపోతే పస్తు అనే సన్నకారు రైతుకూ, పెద్దరైతు కింద యేడాదికి ఇన్ని గింజలని కుదురుకున్న కంబారికీ ఆ 16 రూపాయలు రొక్కంగా, నెలనెలా, తప్పకుండా వస్తాయంటే అందులో స్వచ్ఛందం యెంతో లెక్క వేసుకోవచ్చు. దానికితోడు 1942 మార్చిలో రంగూన్ పడిపోయింది. అంతకుముందు రంగంనుంచి వచ్చే డబ్బు ఆగిపోయింది. డబ్బు పంపేవాళ్ళు అరకాన్ కొండలమీదుగా నడిచి, చావగా మిగిలినవాళ్ళు, వట్టి చేతులతో వూళ్ళకు చేరారు. పాత దారి మూసుకున్నచోట కొత్త దారి రిక్రూటింగు ఆఫీసు. మాల మాదిగ యువకులకు మరో ఆకర్షణ కూడా వుంది: బూట్లు వేసుకుని, టోపీ పెట్టుకుని నడిచే హక్కు. అయితే సైన్యంలోనూ పాకీపనివాడు, చాకలి, వంటవాడు “ఫాలోయర్లు” అనే వేరే జాబితాలో, తక్కువ జీతంమీదనే వున్నారు. కులం బండెక్కి కేంపుదాకా వెళ్ళింది.

కేంపులో మొదటి ఆశ్చర్యం తిండి. రిక్రూట్లు చాలామంది తక్కువ బరువుతో రావడం, తరిఫీదులో కొన్నాళ్ళు సరైన భోజనం పడగానే బరువు పెరగడం సైనిక వైద్యులు గమనించిన విషయం. దీనికంటె పెద్ద అభియోగపత్రం బ్రిటిషు పాలన మీద మరొకటి అక్కరలేదు. ఇరవై యేళ్ళు పల్లెలో బ్రతికి సంపాదించలేని కండ బారకాసులో కొద్ది నెలల్లో వచ్చింది. కాని ఆ కండ చూసుకుని సిపాయి సంతోషించడానికి ఒక అడ్డు వుంది. తన పళ్ళెంలో పప్పు, కూర, వారానికి మాంసం, ఇంటిదగ్గర యేముంది?

1943లో ఏముందో మనకు తెలుసు. బర్మా బియ్యం ఆగిపోయాయి. ధరలు 1939తో పోలిస్తే రెండింతలు దాటాయి. కిరసనాయిలు లేదు, గుడ్డ లేదు. “కంట్రోలు” అనే మాట తెలుగు మాట అయిపోయింది. రాగి కొరతవల్ల ఆ యేడు నడుమ చిల్లు వున్న కాణీ వచ్చింది. డబ్బుకే చిల్లు పడిందని జనం నవ్వుకున్నారంటే ఆశ్చర్యం లేదు. పక్కన బెంగాల్లో ముప్పై లక్షలమంది దాకా చచ్చిపోయారు. సిపాయి పంపిన పది పన్నెండు రూపాయలు 1940లో ఒక ఇంటిని నిలబెట్టగలవు. 1943లో అవే రూపాయలు ఆ ఇంటిని నెల సగం దాకా కూడా లాగలేవు. సిపాయికి ఈ లెక్క తెలియకుండా వుంటుందా? వుత్తరం ద్వారా తెలుస్తుంది.

వుత్తరం సంగతి కొంచెం నిదానంగా చూడాలి. మన సిపాయి కాపురమంతా అందులోనే నడిచింది.

1941 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదువు వచ్చినవారు నూటికి 16 మంది. ఆడవాళ్ళలో నూటికి 7 మంది. కనుక సిపాయి భార్యకు వచ్చిన వుత్తరాన్ని ఆమె చదవలేదు. బడిపంతులో, కరణమో, ఒక్కొక్కప్పుడు పోస్టుమానో అరుగుమీద కూర్చుని పైకి చదివేవాడు. ఇంటిల్లిపాదీ, పొరుగువాళ్ళూ వింటారు. ఆమె తలుపు చాటున నిలబడుతుంది. అసలు వుత్తరం ఆమె పేర వుండదు. తండ్రి పేరనో అన్నగారి పేరనో వుంటుంది. తల్లికి నమస్కారాలు, అన్నకూ వదినకూ నమస్కారాలు, యెద్దు యెలా వుంది, దమ్ము చేశారా, కరణానికి శిస్తు కట్టారా, అన్నీ అయ్యాక చివర “ఇంట్లో అందరినీ అడిగినట్లు చెప్పవలెను” అని వుంటుంది. ఆ “అందరినీ” అనే మాటలో ఆమె వుంది. అందరి మధ్యనా తన వాటా ఆమె యేరుకోవాలి. జవాబు వ్రాయాలన్నా అదే అరుగు, అదే పంతులు. మామగారు చెప్పినది పంతులు వ్రాస్తాడు. ఆమె చెప్పదలచుకున్నది చెప్పదు.

రెండో కొసన కూడా మనిషి ఒకడు వున్నాడు. అతను సెన్సారు. సిపాయి యే దేశంలో వున్నదీ వ్రాయకూడదు. చిరునామా అంటే పటాలం పేరూ ఫీల్డు పోస్టాఫీసు నంబరూ, అంతే. రంగం వెళ్ళినవాడి భార్యకు రంగం అనే వూరు వుండేది, ఆ వూరినుంచి వచ్చేపోయే మనుషులుండేవారు. సిపాయి భార్యకు ఒక నంబరు మిగిలింది. వుత్తరాలు సెన్సారు ఆఫీసుల్లో భాషలవారీగా చదివి, వాటిలోంచి ముక్కలు యేరి ఇంగ్లీషులోకి మార్చి, పదిహేను రోజులకొకసారి మధ్యప్రాచ్యంలోని భారతీయ దళాల “మనోబలం” గురించి నివేదికలు తయారుచేశారు. ఇల్లు గడవడం లేదని భార్య వ్రాయించిన మాట, అది విని భర్త పడిన బాధ, సెలవు దొరకడం లేదన్న ఫిర్యాదు — ఇవన్నీ దొరల దృష్టికి విశ్వాసం పాదరసం యెంత యెక్కిందో యెంత దిగిందో చూపే కొలబద్ద. ఆ నివేదికలు లండనులో భద్రంగా వున్నాయి. మన రోజుల్లో గజేంద్రసింగ్, యాస్మిన్ ఖాన్, శ్రీనాథ్ రాఘవన్ వంటి చరిత్రకారులు వాటిని చదివి మంచి పుస్తకాలు వ్రాశారు. ఆ పుస్తకాలవల్లనే సిపాయి గొంతు కొంతైనా వినబడింది, కాదనను. కాని ఒక విషయం మరచిపోరాదు. మనవాడు తెలుగులో వ్రాయించిన వాక్యం ఇంగ్లీషులో బ్రతికింది. తెలుగు కాగితం ఇక్కడి రేకుపెట్టెలో చెదలు తిన్నది. అధికారి పనికివస్తుందనుకున్న ముక్కే చరిత్రకు దొరికింది. దమ్ము చేశారా అన్న ప్రశ్నలో అధికారికి పనికివచ్చేది యేమీ లేదు.

మొగుడూ పెళ్ళాల మధ్య మాట ఇన్ని చెవులు దాటి వెళ్ళవలసివస్తే అందులో అనుమానం చేరడం సులభం. వూరినుంచి మరెవరో వ్రాయించిన ఆకాశరామన్న వుత్తరం ఒకటి చాలు, సిపాయికి నిద్ర వుండదు. మధ్యప్రాచ్యపు సెన్సారు నివేదికల్లో ఇంటి ఆడవాళ్ళ నడతను గురించిన బెంగ మాటిమాటికీ కనబడుతుంది. సిపాయి నడతను గురించి మాత్రం అడిగేవారు లేరు. కైరో, బాగ్దాదు నగరాల్లో సైనికులకోసం వేశ్యావాటికలు నడిచాయి. సైన్యం సుఖరోగాల మీద వుపన్యాసాలిప్పించింది, తొడుగులు పంచింది. మగవాడి అవసరం వైద్యశాఖ విషయం, ఆడదాని అవసరం కులపెద్దల విషయం! ఇది సామ్రాజ్యవాదం ఒక్కటే తెచ్చినది కాదు. మన భూస్వామ్య సంసారనీతి దానికి ముందే చాప పరిచి వుంచింది.

బర్మా సరిహద్దులో మరో భయం తోడయింది. అక్కడ తూటాకంటె మలేరియా యెక్కువమందిని పడగొట్టింది. 1943 నుంచి మెపాక్రిన్ అనే పసుపుపచ్చని మాత్ర రోజూ మింగి తీరాలన్నారు. అది మింగితే మగతనం పోతుందన్న పుకారు తెల్ల సైనికులు, నల్ల సైనికులు అన్న తేడా లేకుండా పాకింది. అధికారులు సిపాయీలను వరసగా నిలబెట్టి, తమ యెదట మింగించేవారు. దీన్ని అజ్ఞానమని తీసివేయడం తేలిక. పెళ్ళయిన ఆరు నెలలకే ఇల్లు విడిచి మూడేళ్ళుగా సెలవు యెరగని మనిషి, తిరిగి వెళ్ళేనాటికి తానేమి మిగిలి వుంటానని భయపడడం అజ్ఞానమేనా?

ఇక మనియార్డరు. జీతంలో కొంతభాగం ఇంటికి పంపించే యేర్పాటును “ఫ్యామిలీ ఎలాట్‌మెంట్” అనేవారు. అది యెవరి పేర వ్రాయించాలో సిపాయే చెప్పాలి. తండ్రి బ్రతికివుంటే తండ్రి పేరు, లేకపోతే తల్లి, అన్న. భార్య పేరు వ్రాయిస్తే ఇంట్లో రగడ: వేరు కుంపటికి ఇది నాంది అని. వ్రాయించకపోతే ఆమె తన భర్త సంపాదనకోసం అత్తగారి ముందు చేయి చాచాలి. పిల్లవాడికి జ్వరం వచ్చినా, పుట్టింటికి వెళ్ళాలన్నా అదే చేయి. ఒక్క సంతకం యెవరి పేర అనే ఈ చిన్న విషయంలో ఉమ్మడి కుటుంబపు ఆర్థికశాస్త్రమంతా వుంది. రంగం డబ్బు దొంగచాటుగా తెలిసినవాళ్ళ చేతికిచ్చి పంపవచ్చు. సర్కారు డబ్బు రసీదుతో వస్తుంది, వీధిలో అందరిముందూ వస్తుంది. ఒకవైపు అది ఆమెకు గౌరవం. “మిలట్రీ వాడి పెళ్ళాం” అంటే షావుకారు అప్పు పెడతాడు. ఆ అప్పే మనియార్డరు ఆలస్యమైన నెలలో పీకకు చుట్టుకుంటుంది.

భూమి తగాదాల్లో లేని మనిషిమీద యెక్‌పార్టీ డిక్రీ పడకుండా కాపాడడానికి 1925 లోనే ఒక చట్టం వుంది, సైనికుల వ్యాజ్యాల చట్టమని. జిల్లా సోల్జర్స్ బోర్డులు కూడా వున్నాయి. కాగితం మీద ఇవి మంచివే. కాని బోర్డుకు అర్జీ పెట్టాలంటే మళ్ళీ అరుగు, మళ్ళీ పంతులు. జమీందారు అమీను గట్టు జరిపితే దానికి డిక్రీ యెందుకు?

1942 యేప్రిలు 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పట్టణం ఖాళీ అయింది. మూటా ముల్లే నెత్తిన పెట్టుకుని జనం పల్లెలకు పరుగెత్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. ఆ వారంలో ఇరాక్‌లోనో ఈజిప్టులోనో వున్న సిపాయి స్థితి వూహించండి. యుద్ధానికి వచ్చినవాడు తాను. బాంబు పడింది ఇంటిమీద. ఆమె క్షేమంగా వున్నదో లేదో తెలియడానికి వారాలు పడుతుంది. యెవరు యెవరిని కాపాడడానికి యెక్కడ కాపలా కాస్తున్నారన్న ప్రశ్న అతనికి తట్టకపోదు.

ఇక్కడ మన సొంత ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. 1940లో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగిన నాటికి వామపక్షం దృష్టిలో ఇది సామ్రాజ్యవాద యుద్ధం, రిక్రూటు కావద్దన్నాం. 1941 జూన్‌లో హిట్లరు సోవియట్ మీద పడ్డాక ఆ యేడు చివరికి ఇది ప్రజాయుద్ధమయింది. 1943 ఫిబ్రవరిలో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టినది ఆ వాతావరణంలోనే. ఫాసిజాన్ని ఓడించడం అవసరమనడంలో తప్పు లేదు, ఆ మాట ఇప్పుడూ నిలబడుతుంది. కాని మొదటి దశలో సిపాయి మోసపోయిన కూలివాడు, రెండో దశలో యెర్రసైన్యానికి తోబుట్టువు. రెండు దశల్లోనూ అతనొక బొమ్మ. 16 రూపాయల జీతగాడుగా, అరుగుమీద పంతులుచేత మాట చెప్పించుకునే మొగుడుగా అతన్ని చూసినవారు తక్కువ. కరువు ధాన్యం కోసం పోరాడిన మన కార్యకర్తలు సిపాయి పెళ్ళాం ఇంటిముందునుంచే నడిచివెళ్ళి వుంటారు. ఆమెకు మనియార్డరు వస్తుంది గదా, ఆమెకేమి లోటు అనుకుని వుంటారు. ఈ మాట కటువుగా వుంటే క్షమించాలి. ఒక వర్గం బాధను గుర్తించడానికి ఆ వర్గం ముందుగా మన నినాదంలో చోటు సంపాదించుకోవలసి రావడం మనకున్న పాత జబ్బు.

యుద్ధం 1945 ఆగస్టుతో ముగిసింది. సిపాయి మాత్రం వెంటనే రాలేదు. ఓడలు లేవన్నారు, ఇండోనేషియాలో, ఇండోచైనాలో పాత దొరలను తిరిగి కూర్చోబెట్టే పని వుందన్నారు. 1946 ఫిబ్రవరిలో నౌకాదళ సైనికులు సమ్మె చేసినప్పుడు వారు కోరినవాటిలో మంచి తిండి, జీతంతోపాటు త్వరగా ఇళ్ళకు పంపమన్నది కూడా వుంది. విశాఖపట్నం నావికులు ఆ సమ్మెలో కలిశారు. నౌకాదళ తిరుగుబాటును స్వాతంత్ర్యపోరాటపు ఆఖరి ఘట్టంగా చెప్పుకుంటాం, న్యాయమే. ఇంటికి పోనిమ్మన్న కోరిక అందులో వుండడంవల్ల దాని గౌరవం తగ్గదు.

వచ్చినవాళ్ళు చీకకోలు రోడ్డు స్టేషనులోనో పలాసలోనో రేకుపెట్టెతో దిగారు. పెట్టెలో దుప్పటి, ఎనామెలు కప్పు, సబ్బు. వాకిట్లో అయిదేళ్ళ గుంట “ఎవరు?” అని లోపలికి పరుగెత్తింది. వాళ్ళకు రొట్టె తినడం, హిందూస్తానీలో తిట్టడం, వేళకు లేవడం వచ్చాయి. కొందరికి అక్షరాలు కూడా వచ్చాయి. ఆమెకు వచ్చిన మార్పు అంతకంటె లోతైనది. కూలిగింజలు కొలిపించుకోవడం, అమీనుకు జవాబు చెప్పడం, అత్తగారితో వాటా తేల్చుకోవడం ఆమె నేర్చుకుంది. ఇంటి పెత్తనం తిరిగి అప్పగించవలసి వచ్చిన రోజు ఆమెకు సంతోషమే అయివుంటుందని మనం అనుకుంటాం.

రానివాళ్ళు వున్నారు. ఆ యుద్ధంలో చనిపోయిన భారతీయ సైనికులు 87 వేలకు పైమాట. వాళ్ళలో మనవాళ్ళ భార్యలకు పెన్షను వచ్చింది, ఒక షరతుమీద: మరలా పెళ్ళి చేసుకోరాదు, చనిపోయినవాని అన్నదమ్ముణ్ణి చేసుకుంటే మాత్రం ఫరవాలేదు. ఈ మినహాయింపు పంజాబు జాట్ల ఆచారం చూసి పెట్టినది. ఉత్తరాంధ్రలో కాపు, వెలమ, గవర, యాత, మాల కులాల కష్టజీవుల్లో మారుమనువు తప్పు కాదు. ఇష్టమైనవాణ్ణి కట్టుకునే దారి కులాచారమే ఇచ్చింది. ఆ దారికి సర్కారు పెన్షను గొళ్ళెం వేసింది. వీరేశలింగంగారు బ్రాహ్మణ వితంతువులకోసం తెరిపించిన తలుపును, అది యేనాడూ మూసివుండని ఇళ్ళల్లో నెలకు ఇన్ని రూపాయలిచ్చి మూయించారన్నమాట.

రంగూన్ దగ్గర తౌక్యాన్ శ్మశానవాటికలో సమాధి దొరకనివారి స్మారకం మీద దాదాపు 27 వేల పేర్లున్నాయి. యుద్ధసమాధుల సంఘంవారి రిజిస్టర్లలో ఒక్కొక్క పేరు పక్కన ఒక వాక్యం వుంటుంది: ఫలానావాని కొడుకు, ఫలానామె భర్త, వూరు ఫలానా, విశాఖపట్నం జిల్లా. అప్పట్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు లేవు. వూళ్ళ పేర్లు ఇంగ్లీషు గుమాస్తా చేతిలో ఎంత వంకర తిరిగాయంటే కొన్నిటిని పోల్చుకోవడం కష్టం. ఆడవాళ్ళ పేర్లు మాత్రం చాలావరకు సరిగానే వున్నాయి: అప్పలనరసమ్మలు, పైడితల్లులు, సూరమ్మలు.